వెబ్ ఏపీఐల ద్వారా సమాచార అన్వేషణ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు డేటా ఆధారంగా ఒక పరిశీలన

ఒక కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం, ఇంటర్నెట్ మీదుగా మరొక కంప్యూటర్‌లోని సమాచారాన్ని ముందే నిర్ణయించిన పద్ధతిలో అడిగి, ముందే నిర్ణయించిన రూపంలో పొందడానికి ఏర్పరచిన మార్గాన్ని వెబ్ ఏపీఐ అంటారు. అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ అనే పేరుకు ఏపీఐ పొడి అక్షరాల రూపం. మీ సేవ కేంద్రంలో దరఖాస్తుదారుడు రికార్డుల గదిలోకి వెళ్లకుండానే ఫారం నింపి ఇచ్చి ధ్రువపత్రం తీసుకున్నట్టు, ఏపీఐని ఉపయోగించే ప్రోగ్రాం కూడా అవతలి డేటాబేస్ లోపలి అమరిక తెలియకుండానే తనకు కావలసిన భాగాన్ని మాత్రం పొందగలుగుతుంది. మనుషులు చదవడానికి తయారైన వెబ్ పేజీలో రంగులు, బొమ్మలు, ప్రకటనలు కలిసి ఉంటాయి కాబట్టి దాని నుంచి అంకెలను ఏరుకోవడం యంత్రానికి కష్టమైన పని. ఏపీఐ జవాబులో అలంకారం ఉండదు, పేర్లూ విలువలూ మాత్రమే ఉంటాయి.

ఈ పద్ధతి స్వభావాన్ని, దాని పరిమితులను తెలుసుకోవడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల సమాచారం అనువైన ఉదాహరణ. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. మిర్యాలగూడ ఆ రహదారికి దక్షిణంగా, బీబీనగర్–నడికుడి రైలు మార్గం మీద ఉంది. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ, సూర్యాపేట ప్రాంతానికి మూసీ ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు సాగునీటి ఆధారాలు కావడంతో వరి ఇక్కడి ప్రధాన పంట అయింది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ యార్డు ధాన్యం రాకకు పేరుపడితే, మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపడింది. ధాన్యం ధర, వాన, ఊరి ఉనికి, జిల్లా సరిహద్దు అనే నాలుగు విషయాల మీద ఈ మూడు పట్టణాల సమాచారం వివిధ ఏపీఐలలో దొరుకుతుంది. అయితే అది ఒక్కో చోట ఒక్కో పేరుతో, ఒక్కో కొలతతో, ఒక్కో తేదీ పద్ధతితో దొరకడం వల్లనే అన్వేషణ ఒక శాస్త్రంగా మారుతుంది.

చారిత్రక నేపథ్యం

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థలో 1989లో ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్ మొదట పత్రాలను ఒకదానికొకటి ముడివేయడానికి ఉద్దేశించినది. ప్రోగ్రాములు పరస్పరం మాట్లాడుకోవడానికి అదే వెబ్‌ను వాడుకోవచ్చన్న ఆలోచన వ్యాపార సంస్థలలో 2000 ప్రాంతంలో కార్యరూపం దాల్చింది. సేల్స్‌ఫోర్స్, ఈబే సంస్థలు ఆ ఏడాదే తమ ఏపీఐలను విడుదల చేయగా, అమెజాన్ 2002లో ఆ దారి పట్టింది. రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఈ సంభాషణకు ఒక శైలిని నిర్వచించి దానికి రెస్ట్ అని పేరు పెట్టాడు. ప్రతి వనరుకూ ఒక చిరునామా ఉండాలనీ, ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన వివరాలన్నీ తనతోనే తీసుకువెళ్లాలనీ, వెనుకటి సంభాషణను సర్వర్ గుర్తుంచుకోనవసరం లేదనీ ఆ శైలి చెబుతుంది. ఇప్పుడు రెస్ట్ పేరుతో చెలామణీ అయ్యే ఏపీఐలలో చాలావాటిని ఫీల్డింగ్ నిర్వచనంతో సరిచూస్తే నిలవవు గానీ పేరు మాత్రం స్థిరపడిపోయింది.

భారతదేశంలో ప్రభుత్వ డేటాకు ఈ మార్గం తెరుచుకోవడానికి మరికొంత కాలం పట్టింది. మార్కెటింగ్, తనిఖీ డైరెక్టరేట్, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం కలిసి 2000లో ఆరంభించిన ఆగ్‌మార్క్‌నెట్ దేశంలోని వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలను ఒకచోట చేర్చింది. 2012లో కేంద్ర ప్రభుత్వం జాతీయ డేటా పంపిణీ, అందుబాటు విధానాన్ని ప్రకటించి, బహిరంగ ప్రభుత్వ డేటా వేదికను నెలకొల్పగా, ఆగ్‌మార్క్‌నెట్ ధరలు కూడా ఆ వేదిక ద్వారా ఏపీఐ రూపంలో లభ్యమయ్యాయి. 2015లో ప్రభుత్వ శాఖలు తమ ఏపీఐలను బహిరంగం చేయాలనే విధానం వెలువడింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో తన సొంత బహిరంగ డేటా విధానాన్ని ప్రకటించి, ప్రత్యేక పోర్టల్‌ను ఏర్పరచింది. 2023 ఆగస్టులో వ్యవసాయ డేటా మార్పిడి కోసం ఏడెక్స్ అనే వేదికను కూడా ఆరంభించింది.

అభ్యర్థన, ప్రతిస్పందన

ఏపీఐతో జరిగే సంభాషణలో రెండే అంకాలు ఉంటాయి: అడిగేది అభ్యర్థన, వచ్చేది ప్రతిస్పందన. అభ్యర్థన యూఆర్‌ఎల్ అనే చిరునామా రూపంలో ఉంటుంది. అందులో మొదటి భాగం సర్వర్ పేరు, రెండో భాగం వనరుకు దారి, ప్రశ్నార్థకం తరువాత వచ్చే మూడో భాగం పరామితుల వరస. పరామితి అంటే అభ్యర్థనను ఇరుకు చేసే షరతు. ధాన్యం ధరల వనరును అడిగేటప్పుడు రాష్ట్రం తెలంగాణ, జిల్లా నల్గొండ, సరుకు వరి అని మూడు షరతులు పెడితే సర్వర్ దేశం మొత్తం ధరలలోంచి ఆ మూడింటికీ సరిపోయిన వరసలను మాత్రమే పంపుతుంది. ఇలా సర్వర్ వద్దనే వడపోయడం, అన్నీ తెచ్చుకుని తన కంప్యూటర్‌లో వడపోసుకోవడం అనే రెండు దారులలో మొదటిది ఎప్పుడూ చౌకైనదే అయినా ఎప్పుడూ నమ్మదగినది కాదు; పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వడపోత ఖాళీ జవాబిస్తుంది, ఆ ఖాళీ జవాబు లోపంలా కాక నిజంలా కనిపిస్తుంది.

ప్రతిస్పందనతో పాటు మూడంకెల స్థితి సంఖ్య ఒకటి వస్తుంది. 200 అంటే సఫలం, 401 అంటే గుర్తింపు చూపలేదని, 403 అంటే అనుమతి లేదని, 404 అంటే అడిగిన వనరు లేదని, 429 అంటే మరీ తరచుగా అడుగుతున్నారని, 500, ఆపై సంఖ్యలు సర్వర్‌లోనే లోపమని అర్థం. ఖాళీ జవాబు కూడా 200తోనే వస్తుంది కాబట్టి స్థితి సంఖ్య ఒక్కటే చూసి తృప్తిపడే ప్రోగ్రాం అసంపూర్ణమైనది.

జవాబు రూపం సాధారణంగా జేసన్. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ రూపంలో మీసాల కుండలీకరణాల మధ్య పేరు–విలువ జంటలు, చదరపు కుండలీకరణాల మధ్య జాబితాలు ఉంటాయి. దీనికన్నా ముందు వాడుకలో ఉన్న ఎక్స్‌ఎంఎల్, పట్టికలకు అనువైన సీఎస్‌వీ కూడా ప్రభుత్వ వేదికలలో లభిస్తాయి. మార్కెట్ ధరల వనరులో ఒక్కో వరసకు రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, శ్రేణి, సరుకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అనే అంశాలుంటాయి. ధరలన్నీ క్వింటాలుకు రూపాయలలో ఉంటాయి. మోడల్ ధర అనేది సగటు కాదు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో ఆ ధర. దీన్ని సగటుగా భావించి మళ్లీ సగటులు కట్టే వ్యాసాలు తక్కువేమీ కావు.

విలువలను చేతికి తీసుకున్న తరువాత మొదట పరీక్షించవలసింది వాటి జాతిని. అంకెలు కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాల వరసగా వస్తే, ప్రోగ్రాం వాటిని నిఘంటువు క్రమంలో పోలుస్తుంది. అప్పుడు 950 అనేది 2000 కన్నా పెద్దదిగా తేలుతుంది. తేదీలలోనూ ఇదే ప్రమాదం ఉంది. రోజు, నెల, సంవత్సరం అనే భారతీయ క్రమంలో వచ్చిన 03/04/2025ను అమెరికా అలవాటున్న ఉపకరణం మార్చి 4గా చదువుతుంది. 12 దాటిన రోజులలో లోపం వెంటనే బయటపడుతుంది గానీ మొదటి పన్నెండు రోజులలో నిశ్శబ్దంగా ఉండిపోతుంది. యాసంగి కోతలు ఏప్రిల్‌లో జరిగే ఈ ప్రాంతంలో ఏప్రిల్ 3 ధర మార్చి 4కు జరిగిపోతే కోతలకు ముందే ధాన్యం యార్డుకు వచ్చినట్టు లెక్క తేలుతుంది.

జవాబు పెద్దదైతే సర్వర్ దాన్ని పుటలుగా విభజిస్తుంది. ఎన్ని వరసలు కావాలో చెప్పే పరిమితి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పే స్థానం అనే రెండు పరామితులను మార్చుకుంటూ, కొత్త వరసలు రావడం ఆగేదాకా అడగాలి. కేంద్ర వేదికలో నమూనాగా ఇచ్చే ఉమ్మడి కీతో, అంటే అడిగేవారిని గుర్తించే సంకేతంతో, అడిగినప్పుడు ఒక్కసారికి 10 వరసలకు మించి రావు. అక్షర క్రమంలో ముందున్న రాష్ట్రాలతోనే ఆ పదీ నిండిపోతే తెలంగాణ వరకు జాబితా రాదు, సూర్యాపేట మార్కెట్ ఆ రోజు మూతపడిందని అనుభవం లేని ప్రోగ్రామర్ నిర్ణయించుకుంటాడు. ఈ పనిలో అత్యంత సాధారణమైన పొరపాటు ఇదే. సొంత పేరుతో నమోదు చేసుకుని పొందిన కీతో అడగడం, వచ్చిన వరసల సంఖ్యను జవాబులోనే ఇచ్చిన మొత్తం లెక్కతో సరిచూసుకోవడం దీనికి విరుగుడు.

తెలుగు పేర్లతో వెతుకులాట

యూఆర్‌ఎల్‌లో రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే నేరుగా రాయడానికి వీలుంటుంది. తెలుగు పేరును పంపాలంటే దాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా మార్చి, ఒక్కో బైటును శాతం గుర్తుతో పాటు రెండు చిహ్నాలతో రాయాలి. యూనికోడ్‌లో తెలుగు చిహ్నం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. సూర్యాపేట అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలే అయినా యూనికోడ్ లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 9 చిహ్నాలు, అంటే 27 బైట్లు, యూఆర్‌ఎల్‌లో 81 గుర్తులు. కోదాడకు 45, మిర్యాలగూడకు 90 గుర్తులు అవసరమవుతాయి. పైథాన్ భాషలోని రిక్వెస్ట్స్ వంటి ప్రోగ్రాం లైబ్రరీలు ఈ మార్పిడిని తామే చేస్తాయి కాబట్టి ప్రోగ్రామర్ చేతితో రాయనవసరం లేదు. కానీ పొడవుకు పరిమితి విధించే సర్వర్లతోనూ, పేరును అక్షరాల లెక్కన కత్తిరించే ప్రోగ్రాములతోనూ పనిచేసేటప్పుడు ఈ లెక్క తెలియకపోతే పేరు మధ్యలో తెగి, చివరి గుణింతం ఊడిపోతుంది.

ఒకే పదాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా నిల్వ చేసే వీలుండడం ఇంకొక చిక్కు. రైతు, రైస్ మిల్లు వంటి మాటలలోని ఐత్వాన్ని ఒకే చిహ్నంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు పొడిగింపు గుర్తును చేర్చి రెండు చిహ్నాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, యంత్రానికి మాత్రం వేర్వేరు. యూనికోడ్ సంస్థ నిర్దేశించిన సాధారణీకరణ పద్ధతిని డేటాకూ ప్రశ్నకూ రెండింటికీ వర్తింపజేస్తే ఈ తేడా తొలగిపోతుంది. కోదాడ పక్కనే ఉన్న హుజూర్‌నగర్ విషయంలో మాత్రం సాధారణీకరణ కూడా చాలదు. అందులోని రకారపు పొల్లు తరువాతి నకారంతో కలిసి వత్తుగా మారకుండా ఆపడానికి వెడల్పు లేని ఒక అదృశ్య చిహ్నాన్ని పెడతారు. కొందరు దాన్ని పెట్టరు, కొందరు దాని బదులు ఖాళీ వదిలి రెండు పదాలుగా రాస్తారు. ఈ మూడూ మూడు వేర్వేరు ఊళ్లుగా లెక్కకెక్కకుండా ఉండాలంటే పోల్చేముందు అదృశ్య చిహ్నాలను, ఖాళీలను తొలగించి ఒక పోలిక రూపం తయారుచేసుకోవాలి.

విభక్తి ప్రత్యయాలు పదానికి అంటుకునే తెలుగులో సూర్యాపేటలో, సూర్యాపేటకు, సూర్యాపేటవాసులు అన్నవన్నీ వేర్వేరు పదాలుగానే సూచికలో చేరతాయి. ఇంగ్లిషుకు పదమూలాన్ని వేరుచేసే సాధనాలు శోధన యంత్రాలలో ఎప్పటినుంచో ఉండగా, తెలుగుకు అటువంటివి సమగ్రంగా లేవు. అందుచేత 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను దాని ఏపీఐ ద్వారా వెతికేటప్పుడు పదం చివర నక్షత్రం గుర్తు పెట్టి, ఆ భాగంతో మొదలయ్యే రూపాలన్నిటినీ అడగడం మేలు. మిర్యాలగూడకు ఇది చక్కగా పనిచేస్తుంది. మూడక్షరాల కోదాడకు కూడా ఫరవాలేదు గానీ, చిన్న పేర్లున్న ఊళ్లకు ఈ పద్ధతి సంబంధంలేని పదాలను కుప్పగా తెచ్చిపెడుతుంది.

ప్రభుత్వ డేటాలో ఊళ్ల పేర్లు చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటాయి, ఆ రాత స్థిరంగా ఉండదు. కోదాడ పేరు చివర 'ఎ' అనే రోమన్ అక్షరం ఒక శాఖ పత్రాలలో ఉంటుంది, మరొకదానిలో ఉండదు. సూర్యాపేటకు చివరి 'ఎ' తేడాతో పాటు, పాత పత్రాలలో 'వై' స్థానంలో 'ఐ' రాసిన రూపం కూడా ఉంది. మిర్యాలగూడలో లకారం తరువాతి 'ఎ' కొన్నిచోట్ల లోపిస్తుంది. వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో నిర్వచించిన దూరం, అంటే ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో చెప్పే లెక్క, ఇటువంటి రూపాలను దగ్గరకు చేరుస్తుంది. అయితే పేట, గూడ, పల్లి వంటి ఉమ్మడి చివరలున్న తెలుగు ఊళ్లకు ఈ లెక్క లేని పోలికలను కూడా చూపుతుంది కాబట్టి, చివరి పదాన్ని పక్కనపెట్టి మొదటి భాగాన్ని మాత్రమే పోల్చడం, ఆపైన జిల్లాను సరిచూడడం అవసరం. మూడు పట్టణాల వంటి చిన్న జాబితాకు ఏ గణిత సూత్రం కన్నా చేత్తో రాసుకున్న పేర్ల పట్టికే నమ్మదగినది.

మార్కెట్ ధరల డేటా, అందులో లేనిది

ఏపీఐ అందించేది ఒక కార్యాలయం నమోదు చేసినది మాత్రమే. జరిగినదంతా అది అందించదు. మిర్యాలగూడ ధాన్యం వ్యాపారం ఈ తేడాకు మంచి ఉదాహరణ. ఇక్కడ వానాకాలం పంటలో పండే సన్న రకాలను రైతులు కోసిన వెంటనే, ఆరబెట్టకుండా, ట్రాక్టర్ల మీద నేరుగా మిల్లులకు తీసుకువెళ్లి అమ్మే అలవాటు ఉంది. ఆ పచ్చి ధాన్యం మార్కెట్ యార్డు గేటు దాటదు. కాబట్టి యార్డులో పాడిన ధరల ఆధారంగా నడిచే ఏపీఐలో ఆ అమ్మకాలు కనిపించవు. దొడ్డు రకాలలో పెద్దభాగం ఐకేపీ మహిళా సంఘాలు, ప్రాథమిక సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాలకు మద్దతు ధర మీద వెళుతుంది. అవి కూడా వేలం లెక్కల్లోకి రావు. మిర్యాలగూడ రోడ్లమీద ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో కూడా ఆ మార్కెట్ పేరుమీద ఏపీఐ ఒక్క వరస కూడా ఇవ్వకపోవడానికి ఆస్కారం ఉంది. దాన్ని ప్రోగ్రాం లోపంగా చూసి సరిచేయబోయేవారు లేని అంకెలకోసం వెతుకుతారు. సున్నాగా చూసి లెక్కలో కలిపేవారు అంతకన్నా పెద్ద తప్పు చేస్తారు. డేటా లేకపోవడం, విలువ సున్నా కావడం వేర్వేరు సంగతులు కాబట్టి ప్రోగ్రాంలో వాటికి వేర్వేరు గుర్తులుండాలి.

సూర్యాపేట యార్డులో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ ధాన్యం రాశులుగా పోసి, వ్యాపారులు ధర పలికి కొనే పద్ధతి ఉండడం వల్ల కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్య అంతరం అర్థవంతంగా ఉంటుంది. తేమ శాతం, తాలు, రకం అనేవి ఆ అంతరానికి కారణాలు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన ఉండగా, యార్డులో అంతకు మించిన తేమ ఉన్న సరుకు తక్కువ ధరకు అమ్ముడవుతుంది. ఏపీఐలో తేమకు గడి లేదు. అందువల్ల ఒకే రోజు ఒకే రకానికి వచ్చిన ధరల తేడాను గిరాకీ, సరఫరాలకు ముడిపెట్టేముందు ఆ వారం వాన పడిందేమో చూడాలి.

మరొక పరీక్ష మద్దతు ధరతో పోల్చడం. 2025–26 సీజనుకు కేంద్రం సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఎ-గ్రేడుకు 2,389 రూపాయలు నిర్ణయించింది. ఒక వరసలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు మూడూ ఒకే అంకెగా వచ్చి, ఆ అంకె మద్దతు ధరతో సరిగ్గా సరిపోతే అది వేలంలో పలికిన ధర కాక నియమిత ధరను రాసిన వరస అయి ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి వరసలను విడిగా గుర్తించకుండా గీసిన ధరల రేఖాచిత్రంలో బజారు ఎంతో స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం సన్నాలకు ఇస్తున్న క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఈ ధరల్లో చేరదు; రైతు చేతికి వచ్చిన మొత్తాన్ని లెక్కించాలంటే దాన్ని వేరే వనరు నుంచి తెచ్చి కలపవలసిందే.

ప్రస్తుత ధరల వనరు ఆనాటి విలువలను మాత్రమే చూపుతుంది. కాలక్రమ విశ్లేషణ చేయదలచినవారు రోజూ నిర్ణీత సమయానికి ప్రోగ్రాంను నడిపి, వచ్చిన జవాబును శుద్ధి చేయకముందే, వచ్చిన సమయంతో సహా యథాతథంగా భద్రపరచాలి. శుద్ధి చేసే పద్ధతిలో తప్పు తరువాత ఎప్పుడైనా బయటపడితే మూల ప్రతి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. శుద్ధి చేసిన ప్రతి ఒక్కటే మిగిలితే ఆ అవకాశం ఉండదు.

సరిహద్దులు మారిన జిల్లాలు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో పాత నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల డేటాలో మూడు పట్టణాలూ నల్గొండ జిల్లావే, పైగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోనివి. కాబట్టి జనాభా, ధర, వాన అనే మూడు పట్టికలను జిల్లా పేరుతో జోడిస్తే సూర్యాపేట, కోదాడ వరసలు మాయమవుతాయి, లేదా నల్గొండ జనాభా మొత్తం ఇప్పటి చిన్న నల్గొండకు అంటగట్టబడుతుంది. జోడింపుకు పేరు కాక సంకేత సంఖ్య ఆధారం కావాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ ప్రతి గ్రామానికీ, మండలానికీ, జిల్లాకూ ఒక సంఖ్యనిస్తుంది. 2012లో మొదలైన వికీడేటాలో ప్రతి ఊరికీ ఒక గుర్తింపు సంఖ్య, దానికింద తెలుగు, ఇంగ్లిషు, ఉర్దూ పేర్లు, అక్షాంశ రేఖాంశాలు, ఏ పరిపాలన విభాగంలో ఉందో చెప్పే వాక్యాలు ఉంటాయి. ఆ వాక్యాలకు ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న కాలపరిమితిని కూడా జతచేయవచ్చు. స్పార్కల్ అనే ప్రశ్నభాషలో అడిగితే ఇవన్నీ ఒకే పట్టికగా వస్తాయి. కాలపరిమితి రాయని ఊళ్లు వికీడేటాలో ఇంకా చాలానే ఉన్నందువల్ల, 2016 ముందు వెనుకల లెక్కను ప్రోగ్రామర్ స్వయంగా చేర్చుకోవలసి రావచ్చు.

పటం, వాన

2004లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ స్వచ్ఛంద కార్యకర్తలు గీసిన ప్రపంచ పటం. దాని సమాచారాన్ని వెతకడానికి రెండు ఏపీఐలు ఎక్కువగా వాడతారు: ఊరి పేరిస్తే అక్షాంశ రేఖాంశాలు చెప్పేది నామినాటిమ్, ఒక ప్రాంతంలో ఫలానా లక్షణమున్న స్థలాలన్నీ చూపమంటే చూపేది ఓవర్‌పాస్. సూర్యాపేట సుమారుగా 17.14 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.62 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, కోదాడ 16.99, 79.97 వద్ద, మిర్యాలగూడ 16.87, 79.56 వద్ద ఉన్నాయి. ఈ అంకెలతో గోళం మీది దూరాన్ని లెక్కిస్తే సూర్యాపేట నుంచి కోదాడకు సుమారు 40, మిర్యాలగూడకు సుమారు 30 కిలోమీటర్లు తేలుతుంది. ఇది గాలిలో దూరమే గనుక ధాన్యం రవాణా ఖర్చులకు పనికిరాదు. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులున్నాయని ఓవర్‌పాస్‌ను అడిగితే వచ్చే సంఖ్య పటం మీద ఎవరో ఒకరు గుర్తించిన మిల్లుల సంఖ్య, ఉన్న మిల్లుల సంఖ్య కాదు.

వాన విషయంలో తేడాలు ఇంకా సూక్ష్మమైనవి. ఓపెన్-మీటియో వంటి సేవలు వాణిజ్యేతర వినియోగానికి కీ అవసరం లేకుండానే అక్షాంశ రేఖాంశాలను బట్టి గతకాలపు, రాబోయే వర్షపాతాన్ని ఇస్తాయి. అక్కడ దొరికే పాత డేటాలో ఒక ప్రధాన భాగం ఐరోపా వాతావరణ కేంద్రం తయారుచేసిన ఎరా-5 పునర్విశ్లేషణ. అది వర్షమాపకాల రీడింగు కాదు, భూగోళాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించి నమూనా లెక్కించిన విలువ. ఆ గడి ఇక్కడ దాదాపు 27 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కోదాడ ప్రాంతంలో కుంభవృష్టి కురిసి, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అటువంటి వాన కొన్ని మండలాల మీద కేంద్రీకృతమవుతుంది. గడి మొత్తానికి సరిపెట్టిన విలువ ఆ తీవ్రతను తగ్గించి చూపుతుంది. మండలాల వారీ వర్షమాపకాల లెక్కలు తెలంగాణ బహిరంగ డేటా పోర్టల్‌లో నెలవారీ పట్టికలుగా దొరుకుతాయి కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఉత్తమం.

అలా పక్కపక్కన పెట్టినప్పుడు తేదీల దగ్గర మళ్లీ తేడా వస్తుంది. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఒక తేదీకి రాసే వర్షపాతం ఆ ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటలది. ఏపీఐ రోజు, వేరుగా కోరకపోతే, గ్రీన్‌విచ్ సమయం ప్రకారం అంటే మన ఉదయం 5.30కు మొదలవుతుంది, భారత కాలమండలాన్ని పరామితిగా ఇస్తే అర్ధరాత్రికి మొదలవుతుంది. ఆదివారం రాత్రి కురిసిన వాన ఒక పట్టికలో ఆదివారానికి, ఇంకొకదానిలో సోమవారానికి చెందుతుంది. గంటగంటకూ విలువలు తెచ్చుకుని, 8.30 నుంచి 8.30 వరకు తామే కూడుకునే ప్రోగ్రాములు ఈ చిక్కును చాలావరకు దాటుతాయి. గంటల విలువలు భారత సమయపు పూర్ణ గంటలకు లెక్కించినవైతే అరగంట తేడా అప్పటికీ మిగులుతుంది.

మర్యాదలు, కీలు, చట్టం

బహిరంగ ఏపీఐలు ఉచితమే అయినా అపరిమితం కావు. నామినాటిమ్ ఉమ్మడి సర్వర్‌ను సెకనుకు ఒకటికి మించి అడగకూడదన్నది దాని నియమం. వికీమీడియా సంస్థ ప్రతి ప్రోగ్రాం తన పేరును, సంప్రదించే మార్గాన్ని అభ్యర్థనతో పాటు తెలియజేయాలని కోరుతుంది. 429 జవాబు వచ్చినప్పుడు కొంత ఆగి, మళ్లీ వస్తే దానికి రెట్టింపు ఆగి అడగడం ఆచారం. ఒకసారి తెచ్చుకున్న జవాబును కొంతకాలం దాచుకుని వాడుకుంటే చాలా అభ్యర్థనలు తగ్గిపోతాయి. మూడు పట్టణాల అక్షాంశ రేఖాంశాలు రోజూ మారేవి కావు.

కీని ప్రోగ్రాం పాఠంలోనే రాసి నలుగురికీ పంచుకోవడం కళాశాలల్లో చాలా సామాన్యంగా కనిపించే దురలవాటు. కీని వేరే ఫైలులోనో, ఆపరేటింగ్ సిస్టం పర్యావరణ చలరాశిలోనో ఉంచాలి. వినియోగదారుడి సొంత ఖాతాలోని సమాచారాన్ని వేరే ప్రోగ్రాంకు పరిమితంగా అప్పగించవలసివచ్చినప్పుడు కీ చాలదు, 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 పద్ధతి వాడతారు.

కేంద్ర వేదికలోని డేటాను 2017లో నోటిఫై చేసిన భారత ప్రభుత్వ బహిరంగ డేటా లైసెన్సు కింద, మూలాన్ని పేర్కొని, వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లైసెన్సు మాత్రం దాని డేటాబేస్ నుంచి తయారుచేసిన డేటాబేస్‌ను బహిరంగపరిస్తే అదే షరతు కింద ఇవ్వాలంటుంది. రెండింటినీ కలిపి పట్టిక తయారుచేసేవారు దీన్ని ముందే చూసుకోవాలి. రైతుల పేర్లు, ఖాతాలు, ఫోన్ నంబర్లు ఉన్న పత్రాలు ఏదో ఒక వెబ్ పేజీలో అందరికీ కనిపిస్తున్నా, వాటిని ప్రోగ్రాంతో ఏరి పోగుచేయడం వేరే సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఆ వ్యక్తి స్వయంగా గానీ చట్టం విధించిన బాధ్యత మేరకు గానీ బహిరంగపరిచిన డేటాకు మినహాయింపునిస్తుంది తప్ప, ఎవరో నిర్లక్ష్యంగా బయటపెట్టిన జాబితాలకు ఆ మినహాయింపు వర్తించదు. ధరలు, వాన, ఊళ్ల ఉనికి వంటి సమష్టి డేటాతో పనిచేసేవారికి ఈ చిక్కు రాదు.

ఇక ఉచిత ఏపీఐలు శాశ్వతమన్న హామీ ఏదీ లేదు. ట్విటర్ 2023లో ఉచిత అందుబాటును ఉపసంహరించుకోగా, అదే ఏడాది రెడిట్ రుసుము విధించింది. వాటి మీద ఆధారపడిన పరిశోధనలు, చిన్న అనువర్తనాలు అనేకం నిలిచిపోయాయి. ప్రభుత్వ వేదికలలో ధరలు విధించడం కన్నా వనరు చిరునామా మారడం, గడి పేరు మారడం, కొన్ని వారాలు కొత్త వరసలు చేరకపోవడం ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు. అందువల్ల రోజూ నడిచే ప్రోగ్రాం, తనకు వచ్చిన జవాబులో కావలసిన గడులన్నీ ఉన్నాయా, తేదీ నిన్నటికన్నా ముందుకు జరిగిందా, సూర్యాపేట పేరుతో కనీసం ఒక్క వరసైనా ఉందా అని చూసుకుని, లేకపోతే పాత అంకెనే కొత్తదిగా రాసుకోకుండా ఆగిపోయి నిర్వాహకుడికి తెలియజేసేలా రాస్తారు. మార్కెట్ సెలవు దినాలలోనూ అది ఆగుతుంది కాబట్టి ఆదివారాల, పండుగల జాబితాను దానికి ముందే అందించవలసి ఉంటుంది.